అరిగిన వైపు

క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు.
నాకు గడ్డం తడవకముందే తెలిసింది.
హిల్స్‌బరో ఆదివారం సంతలో, వానలో,
టార్పాలిన్ కింద నాలుగు పౌండ్లకు కొన్న రేజర్ని
ఇంటికొచ్చి దీపం కింద పెడితే
పిడి మెడ దగ్గర వెంట్రుకంత పగులు.
దువ్వెన పళ్ళలో ఒకటి వంగి
పక్కదాని మీద వాలింది,
బస్సులో నిద్రపోయే మనిషిలా.
ఒంటి నిండా చిలుము.

మా మేనమామ ఉంటే నవ్వేవాడు.
నర్సీపట్నంలో ఆయన పొదిలో
ఇలాంటివాటికి చోటు లేదు.
"పళ్ళున్న కత్తి ఏం కత్తిరా,
భయపడేవాడి కత్తి" అనేవాడు.
మంగలి పాత, చాకలి కొత్త అని చెప్పి,
మనింటి సామెత కదా అని
మళ్ళీ చెప్పేవాడు.
నేను మంగలిని కాలేదు, పాతబడుతున్నాను మాత్రం.
షెఫీల్డ్ ట్రామ్‌లో టికెట్లు కొడతాను.
రోజుకు రెండు వందల గడ్డాలు చూస్తాను,
ఒక్కటీ ముట్టుకోను.

వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టాను.
తెల్లారేసరికి గ్లాసు
నెమలి మెడ రంగుకు తిరిగింది.
అడుగున ఎప్పటిదో సబ్బు,
సున్నంలా గట్టిపడ్డ పెళ్ళ.
సూదితో గీకితే అందులో మూడు వెంట్రుకలు:
రెండు ఎర్రనివి, ఒకటి తెల్లది.
ఎవరు నాయనా నువ్వు?
ఇంత పొదుపుగా ముసలివాడివయ్యావు?

పక్కింటి ఎనిడ్ స్టానిఫోర్త్‌కు ఎనభై మూడు.
పదిహేనో ఏటి నుంచి చెంచాలకు మెరుగుపెట్టింది,
ఒంటికి గోధుమరంగు కాగితం,
కాళ్ళకు పాత పేపర్లు చుట్టుకుని.
"సాయంత్రం విప్పి చూస్తే
వార్తలన్నీ నల్లగా అయిపోయేవి" అంది.
గోడ మీంచి రేజర్ అందిస్తే
కళ్ళజోడు వెతుక్కోలేదు.
బొటనవేలితో చూసింది.
"ఇత్తడి. మీద వెండి పూత.
సగం రాలింది. మిగతా సగం
నువ్వు రాల్చకు."

పగులుకు వైద్యం నేనే చేశాను.
పిడి లోపల బోలు. అందులోకి
అగ్గిపుల్లంత ఇత్తడి కడ్డీ దూర్చి
టంకం కరిగించాను.
మొదటిసారి వంకరగా అతికింది.
రెండోసారి వేలు కాలింది.
మూడోసారి, ఏమో, పట్టింది.
వంగిన పంటి కోసం
పట్టకారు మూతికి తోలు చుట్టి
ఊపిరి బిగపట్టి
ఒక్క వెంట్రుకవాసి. ఆగి,
ఇంకొక్క వెంట్రుకవాసి.
ఇత్తడికి కోపం దాచుకునే గుణముంది,
విరిగేదాకా చెప్పదు.
పూర్తిగా నిటారు చెయ్యలేదు. భయమేసింది.
భయపడేవాడి కత్తే కదా.

పిడి చుట్టూ గళ్ళు గళ్ళుగా గీతలు,
తడి చేతికి జారకుండా.
ఒక వైపు మాత్రం
చింతగింజంత మేర గళ్ళు లేవు.
"ఇక్కడ కొత్తగా చెక్కించనా?" అన్నాను.
ఎనిడ్ తన బొటనవేలు అక్కడ ఆనించింది.
సరిపోలేదు. కొంచెం పెద్ద వేలు వాడిది.
తర్వాత తన వేలు నా వైపు తిప్పింది.
గీతల్లేవు.
"నలభై ఏళ్ళు ఇసుకా నూనే.
ఇప్పటికీ ఫోను నన్ను గుర్తుపట్టదు.
బ్యాంకు పిల్లాడు నాలుగుసార్లు
చెయ్యి తుడుచుకోమన్నాడు."
ఈమెను లోహం అరగదీసింది,
లోహాన్ని ఎవడో ఎర్రగడ్డం వాడు.
లెక్క సరిపోయిందో లేదో
టికెట్లు కొట్టేవాణ్ణి, నాకు తెలియదు.
"చెక్కించకు" అంది,
రేజర్ని తన ఏప్రన్‌కు తుడుస్తూ.

శనివారం పొద్దున్నే కొత్త బ్లేడు పెట్టాను.
మర మూడున్నర చుట్లు తిరిగి
గట్టిగా ఆగింది.
నా వేలు దానంతటదే
ఆ నున్నటి చోటుకు పోయింది.
ఎడమ దవడ మీద ఆ వంకర పన్ను
చిన్న ఎర్రచుక్క పెట్టి ఊరుకుంది.

ఎనిడ్ తలుపు తీసి
నా గడ్డాన్ని వెలుతురు వైపు తిప్పి
చెంచా వీపు చూసినట్టు చూసింది.
గీతల్లేని ఆ వేలు
చెవి కింద మొదలై దవడ దాటి
మెడ దగ్గర ఆగింది.
ట్రామ్ వేళవుతోంది.

"ఇక్కడ నాలుగు వదిలేశావ్.
వెళ్ళి మళ్ళీ చెయ్యి."